ముందు చీటీ, తరువాత సుత్తి

వేసవిలో గాలి ఇటు తిరిగిందంటే మా కోలారు గనుల కార్మికుల ఇళ్ళ లైన్ల మీద సైనైడ్ దిబ్బల దుమ్ము దిగుతుంది. గని మూసి ఇన్నేళ్ళయినా, బంగారం తీసుకుని పారబోసిన ఆ పొడి మాత్రం మమ్మల్ని వదల్లేదు. నిన్న సాయంత్రం ఎం.ఏ. పాఠం వింటుంటే ఫోను అద్దం మీద సన్నగా పేరుకుంది. పంటి కింద కూడా కరకరలాడింది. పక్కింటి దేవదానం తాత గుర్తొచ్చాడు. ఆ పొడిని నాలుక మీద వేసుకుని, టన్నుకు ఎన్ని గ్రాముల బంగారముందో తాత చెప్పేసేవాడని రైల్లో అందరికీ చెప్పేదాన్ని. అది అబద్ధం. ఆయన ఏనాడూ అలాంటి పని చేయలేదు. ఇలా వెంటనే ఒప్పుకోవడం నాకు నేర్పింది కూడా ఆయనే.

కోతలు కోయడంలో నాకు మంచి పేరుంది. తెల్లవారకముందే మారికుప్పంలో రైలెక్కి, బెంగళూరు పోయి, బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టి, దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరతాను. మా నాన్న గని అడుగున వేడి రాతి మీద సంగటి ముద్ద ఉడికించుకునేవాడని నేను చెబుతుంటే, ఆడవాళ్ళ పెట్టెలో ఎవరికీ బంగారుపేట దాటిన సంగతి తెలిసేది కాదు. నేను పీయూసీ ముగించిన ఏడాదే గని మూతపడింది. నాన్న పని పోయింది, దానితోపాటు నా డిగ్రీ కూడా. నలభైకి దగ్గర పడ్డాక, ఫోనులోనే చదివే బి.ఏ. చరిత్రలో చేరాను. ఈసారి మధ్యలో ఆపేది లేదని నాకు నేనే ఒట్టు పెట్టుకున్నాను. కథలు మానలేదు గానీ, పోయేటప్పుడు పాఠాలు, వచ్చేటప్పుడు కథలు అని పంచుకున్నాను.

చివరి ఏడాది ఒక పేపరుకు బదులుగా, మీ ఊళ్ళో పనిచేసి విరమించిన ఒకరి జీవితాన్ని వారి నోటివెంటే విని రాయమన్నారు. దేవదానం తాత గనిలో శాంపిల్ రాళ్ళు కొట్టినవాడు. భూమి లోపల ఏ గోడలో బంగారముందో తెలియాలంటే ముందు ఒకరు పోయి అక్కడక్కడ రాయి కొట్టి, గుడ్డసంచిలో వేసి పైకి తేవాలి. ముప్పై ఏళ్ళు ఆయన చేసింది అదే. ఆదివారం చర్చి నుంచి వచ్చాక అరుగు మీద కూర్చుని చెప్పాడు. దిగినాను, కొట్టినాను, ఎక్కినాను. దెబ్బ తగల్లేదా అంటే లేదన్నాడు. దయ్యం కనిపించలేదా అంటే, "చీకట్లో దయ్యం ఎట్ల కనబడుతుందమ్మా?" అన్నాడు.

అంత చప్పగా రాస్తే మార్కులెవరిస్తారు? తాతను మూడు రోజులు బండల కింద ఇరికించాను. గోడ మీద చెమర్చే నీళ్ళు నాకించాను. గుర్తులు పెట్టే సుద్దముక్క తినిపించాను. నూటికి ఎనభై ఎనిమిది వచ్చాయి! కింద మా మేడమ్ ఒక మాట రాసింది: ఈ పెద్దాయనతో మన క్లాసు ఒకసారి వీడియోలో మాట్లాడాలి.

ఫోను పట్టుకుని తాత దగ్గరికి పరుగెత్తి, రాసింది చదివి వినిపించాను.

"ఇరుక్కున్నది ఎవురు?" అన్నాడు.

"నువ్వే తాతా."

"నేనా? యాడ?"

"గనిలోనే. మూడు దినాలు."

"సుద్దముక్క తిని బతికినానా? నీ నోట్లో మన్ను పొయ్య!" అని పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు ధైర్యమొచ్చింది.

"మేడమ్ వీడియోలో అడిగితే పది నిమిషాలు ఊఁ కొట్టు తాతా. ఇంగేమీ వద్దు. ఈ పేపరు పోతే నా డిగ్రీ పోతుంది."

నవ్వు ఆగింది. లోపలికి పోయి ఒక పాత గుడ్డసంచి తెచ్చి నా ఒళ్ళో వేశాడు. దాని మూతికి దారంతో ఒక చీటీ కట్టి ఉంది.

"రాయి కొట్టేదానికి ముందే ఇది రాయాల. ఏ లెవెలు, ఏ గోడ, ఎన్ని అడుగులు. ముందు చీటీ, తర్వాత సుత్తి. మా వాడకం అది. వయసులో ఉన్నప్పుడు ఒకసారి నేను ముందు కొట్టేసినాను. పైకొచ్చినాక అందాజు మీద చీటీ రాసి కట్టినాను. రాయి బాగుండాది, నిజం. అయితే అది ఆ గోడది కాదు. నా చీటీ నమ్మి పదిమంది వారం దినాలు ఉత్త రాయి తవ్వినారు. ఒగని చెయ్యి నలిగిపోయింది." ఆగి, నా ఫోను వైపు చూశాడు. "ఇది చదివి రేపు ఇంగొకరు తవ్వుతారు కదమ్మా. వాళ్ళు యాడ తవ్వాల?"

 

మరునాడు రైల్లో, నిలబడే, మేడమ్‌కు ఉన్నదున్నట్టు రాశాను. వైట్‌ఫీల్డ్ రాకముందే జవాబు వచ్చింది. మార్కులు రద్దు. రెండు వారాల్లో మళ్ళీ రాసి ఇవ్వాలి, లేకపోతే ఏడాది పోయినట్టే.

ఆ రెండు వారాలు నేను ఒక్క కోతా కోయలేదు. "ఏం సుగుణక్కా, గొంతు అమ్మేసినావా?" అని పెట్టెలో ఎగతాళి చేశారు. రోజూ రైలు దిగి నేరుగా తాత అరుగు మీదికే పోయేదాన్ని. ప్రతి మాట పక్కనా ఒక గుర్తు పెట్టుకున్నాను: ఇది ఆయన చూసింది, ఇది విన్నది, ఇది నా ఊహ. సుత్తి బరువెంత, సంచి ఏ భుజాన మోసేవాడు, పైకొచ్చాక మొదట ఏం తాగేవాడు, అన్నీ అడిగాను. మొదటిసారి నేను అడగనిదల్లా ఇప్పుడు బయటికొచ్చింది. రెండో వారం చివర్లో ఆయన ఇంకో రెండు సంచులు తెచ్చి చూపించాడు. వాటికీ చీటీలున్నాయి. లోపల మాత్రం రాయి లేదు.

"రేపు కొట్టాల్సిన గోడలని ముందే చెప్పినారు. రాసి పెట్టుకున్నాను. పొద్దున పోతే గేటు మూసినారు" అన్నాడు. గొంతులో ఏ మార్పూ లేదు. మూడు దినాలు ఇరికించినా నా కథలో అంత బరువు రాలేదు. ఆ మాటతోనే పేపరు ముగించాను. యాభై ఎనిమిది వచ్చాయి. డిగ్రీ చేతికొచ్చింది.

ఆ పట్టా చూడటానికి తాత లేడు. పోయేముందు ఒక ఖాళీ సంచి నా చేతిలో పెట్టి, "దీన్ని నువ్వు నింపాలమ్మా" అన్నాడు.

ఈ వాక్యం రాశాక చెయ్యి ఆగిపోయింది. చివరి పది రోజులూ తాతకు మాట లేదు. సంచి నాకిచ్చింది ఆయన కూతురు మెర్సీ, ఇల్లు ఖాళీ చేస్తూ. "పారేసేదే అక్కా, నీకు కావాల్నా?" అని అడిగింది. కాబట్టి చీటీ కడుతున్నాను. సంచి నేను చూసింది, నా బల్ల మీదే ఉంది. నింపమన్న మాట తాతది కాదు, నాది. ఎం.ఏ. కోసం లైన్లలోని పదకొండు మంది ముసలివాళ్ళ మాటలు రాసిన కాగితాలు ఇప్పుడు అందులో ఉన్నాయి. ఇంకా చాలా చోటుంది. రేపు ఆదివారం పన్నెండో ఇంటికి పోవాలి. చీటీ ఇప్పుడే రాసి పెట్టుకున్నాను.