విమలాదేవి గెలిచి తెచ్చుకున్న మేకపిల్ల

గింజల బజారైన గాంధీ గంజ్‌లో విమలాదేవితో కొట్లాటకు దిగి గెలిచి ఇంటికి పోయిన మనిషి ఇంతవరకు పుట్టలేదు. పుట్టినా, గంజ్ వైపు రాలేదు. లారీ డ్రైవర్లు ఆమె దుకాణం ముందు హారన్ కొట్టరు. హమాలీలు బీడీ ముట్టించాలంటే సందు తిరిగి పోతారు. అయితే ఆమె గెలిచిన వాటన్నిటిలోకి పెద్ద కొట్లాట, చిట్గుప్ప దిక్కు నుంచి మేకలు తోలుకొచ్చిన వీరప్పతో అయింది. తాయవ్వ దాన్ని మొదటినుంచీ చూసింది. చేతిలో చాట, చాటలో కందులు, కళ్ళు మాత్రం కొట్లాట మీద.

తాయవ్వ విమలాదేవి వాళ్ళ అడ్తి దుకాణం, అంటే రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టే దుకాణం, వాకిట్లో కూర్చుని కందులు, పెసలు చెరుగుతుంది. విమలాదేవి కొత్త కోడలిగా వచ్చిన నాటికే ఆమె అక్కడ కూర్చుని ఉంది. కాబట్టి ఎవరి వాకిట్లోకి ఎవరు వచ్చారన్న విషయంలో ఆమె అభిప్రాయం ఆమెకుంది. రెండో తరగతిలోనే బడి మానేసింది, తను చెప్పేది పంతులుకు అర్థం కావడం లేదని. టీ రెండోసారి అడిగితే గాని ముట్టదు. విమలాదేవి తర్వాత గంజ్‌లో అంత పేరున్న నోరు ఆమెదే. ఆ ‘తర్వాత’ అన్న మాటే ఆమెకు గిట్టదు.

ఆ రోజు వాకిట్లో ఎండబోసిన కందుల్లో వీరప్ప మేకలు మూతి పెట్టాయి.

“ఏమయ్యా, నీ మేకలకు నేను విస్తరేసి పిలిచిన్నా?” అంటూ విమలాదేవి గడప దాటింది.

వీరప్ప నెమ్మదస్తుడు. మేకలను మళ్ళించి, “తప్పయింది అమ్మా, నోరులేని జీవాలు” అన్నాడు.

“నోరు లేకనేనా అన్ని కందులు మేసినయి?”

అక్కడితో అయిపోవలసింది. కాని గోనె సంచుల పక్కన నల్లగా ఏదో కదిలింది. పుట్టి పూట కూడా కాని మేకపిల్ల. వీరప్ప మేక ఒకటి దారిలో మూడు పిల్లల్ని ఈనింది. రెండింటిని అతను చంకల్లో పెట్టుకున్నాడు. మూడోదాన్ని అక్కడ దించి పోబోతున్నాడు.

“దీన్నెవరికి పారేసి పోతున్నవు?”

“అది బతకదమ్మా. జున్నుపాలు కాసిన్ని తాపిచ్చిన, నా ధర్మం అయిపోయింది. తల్లికి ఉన్నయే రెండు చన్నులు. మిగిలిన పిల్లలు రెండు గట్టియి, దీన్ని దగ్గరికి రానిస్త లేవు.”

“మా అత్తమ్మ ఏడుగుర్ని కన్నది. చన్నులు లెక్కబెట్టుకోని కన్నదా?”

హమాలీలు బస్తాలు దించి నిలబడ్డారు. గద్దె మీద కూర్చున్న గుండేరావు, అంటే విమలాదేవి భర్త, అత్తమ్మ పేరు వచ్చేసరికి తల ఎత్తి ఫ్యాను వైపు చూడడం మొదలుపెట్టాడు. అప్పుడు వీరప్ప అనకూడని మాట అన్నాడు.

“నోటితోని సాకుతవా అమ్మా దీన్ని?”

విమలాదేవి వంగి పిడికెడు కందులు తీసి అతని అరచేతిలో పోసింది. గంజ్‌లో దాన్ని మచ్చు అంటారు. సరుకు ఎట్లా ఉందో చూపడానికి పోసే పిడికెడు గింజలు. మచ్చు చేతులు మారిందంటే మాట ఖాయం. ఆ తర్వాత ధర పడినా, వాన పడినా, మాట తిరగేసినవాడితో గంజ్‌లో ఎవడూ బేరం చేయడు.

“ఇది నా మాటకు మచ్చు. ఈ పిల్ల బతుకుతది. బతికితే మల్లొచ్చినప్పుడు నీ పిల్లను నువ్వే తీస్కపో, నీ మేక నాకెందుకు. సచ్చిపోయిందనుకో, ఇగ ఈ గంజ్‌ల నేను నోరెత్త.”

వీరప్ప గింజల వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు, కందులను నడుముకు కట్టిన తిత్తిలో పోసుకుని మేకలను తోలుకుని పోయాడు. గెలుపంటే అదీ. అందరూ చెదిరిపోయాక విమలాదేవి ఒళ్ళో చూసుకుంటే గెలుపు మేమే అని అరుస్తూ ఉంది.

ఆ పూట గుండేరావును పలకరించడానికి వచ్చినవాళ్ళకు లెక్క లేదు. హమాలీ దత్తు అయితే మనసులో ఏదీ దాచుకోలేదు. “సేఠ్, బతికితే పుణ్యం, బతకకుంటే ప్రశాంతం. మీకు ఎట్ల జూసినా లాభమే.” గుండేరావు నవ్వలేదు. నవ్వితే లోపలికి వినబడుతుంది.

విమలాదేవి బుట్టెడు మంది పిల్లల్ని పెంచింది. తన వాళ్ళను, ఆడబిడ్డల వాళ్ళను, కిరాయికున్న వాళ్ళ పిల్లలను. పిల్లల పెంపకంలో ఆమెకు తెలియనిది లేదు. కాబట్టి ఎవరినీ అడగలేదు. పీటేసుకుని కూర్చుని, రెండు కాళ్ళు బారజాపి, వాటి మీద మేకపిల్లను వెల్లకిలా పడుకోబెట్టింది. నువ్వులనూనె పట్టించి, కాళ్ళు సాగదీసి, ముక్కు నొక్కి, వేన్నీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ వేసింది. నల్ల పిల్లకు నల్ల చుక్క కనబడదని దిష్టిచుక్క సున్నంతో పెట్టింది. ఆ తర్వాత ఉగ్గుగిన్నెతో బర్రెపాలు నోట్లో పోసింది. మేకపిల్ల నాలుగు కాళ్ళూ ఆకాశానికి పెట్టి, చేసిన పాపమేమిటో తెలియని దానిలా అరిచింది.

తాయవ్వ వాకిట్లోంచి చూసి ఊరుకోలేకపోయింది. “విమలమ్మా, దానికి నాలుగు కాళ్ళు దేవుడు ఊగనీకె ఇచ్చిండనుకున్నవా? నిలబెట్టి తాపు.”

“నువ్వు మేకలను సాకినవా తాయక్కా?”

“బర్రెలను సాకిన.”

“మరి బర్రె వచ్చినప్పుడు చెప్పు.”

తాయవ్వ చాట తిప్పుకుంది. అడగని చోట రెండుసార్లు చెప్పే అలవాటు ఆమెకు లేదు.

మర్నాటికి మేకపిల్ల ముక్కులోంచి పాలు కారాయి. దగ్గు మొదలైంది. మధ్యాహ్నానికి అరవడం మానేసింది. అప్పుడు విమలాదేవి కూడా మానేసింది.

పశువుల దవాఖానకు ఆటోలో పోయారు. గుండేరావు ముందు కూర్చున్నాడు, వెనుక విమలాదేవి, ఆమె కొంగులో మేకపిల్ల. పిలవకపోయినా తాయవ్వ ఎక్కి కూర్చుంది. పోకపోతే అక్కడ ఏం జరిగిందో విమలాదేవి నోటినుంచి వినవలసి వస్తుంది. ఆమె చెప్పే ముచ్చటలో తప్పు ఎప్పుడూ డాక్టరుదే అవుతుంది.

డాక్టరమ్మ మంజుష చిన్నపిల్ల, చూపు మాత్రం పెద్దది. ఛాతీ మీద గొట్టం పెట్టి విని, “పాలు ఎట్లా తాపారు?” అని అడిగింది. విమలాదేవి దవాఖాన బండల మీద కూర్చుని రెండు కాళ్ళూ జాపి చూపించింది. డాక్టరమ్మ కిటికీ వైపు తిరిగి కాసేపు దగ్గింది. మేక దగ్గు కాదది, నవ్వు ఆపుకునే దగ్గు.

“పాలు ఊపిరితిత్తుల్లోకి పోయాయమ్మా. పడుకోబెట్టి పోస్తే అంతే. మేకపిల్ల నిలబడి, మెడ పైకెత్తి, తనే చీకాలి. సీసా పట్టుకోండి. పాలు గోరువెచ్చగా ఉండాలి, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తాపాలి. నీళ్ళు పోయొద్దు, పొగ అసలే వేయొద్దు. మేకపాలు దొరికితే ఇంకా మంచిది. సూది వేస్తున్నాను. బతుకుతుందో లేదో ఇప్పుడే చెప్పలేను.”

మంచి చోటు దొరికింది కదా అని తాయవ్వ, “నేను గదే చెప్పిన” అనబోయింది. విమలాదేవి ముఖం చూసి ఆ మాటను నోట్లోనే ఉంచుకుంది. అట్లా ఉంచుకున్న మాటలు ఆమె జన్మలో చాలా తక్కువ.

తిరిగి వచ్చేదారిలో మందుల దుకాణం ముందు ఆటో ఆపించారు. పాలసీసా అడిగితే, “పాపకు ఎన్ని నెలలమ్మా?” అన్నాడు దుకాణమాయన.

“నిన్న పుట్టింది” అంది విమలాదేవి. “నడుస్తది.”

ఆయన సీసా చేతికిచ్చి, ఆటోలోకి తొంగి చూశాడు.

ఆ తర్వాత గంజ్‌కు వింత కష్టం వచ్చిపడింది. విమలాదేవి నోరు పెగలడం లేదు. ఎవరో బస్తాలు తెచ్చి సరిగ్గా ఆమె గడప ముందు దించారు. ఆమె వాటి పక్కనుంచి నడిచి పోయింది. దత్తు అవి తనంతట తనే పక్కకు జరిపి, తాయవ్వ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, “అమ్మ తిడతలేదేంది? మనసుల పెట్టుకున్నదా?” అని అడిగాడు. ఒక లారీ డ్రైవరు చూద్దామని హారన్ కూడా కొట్టాడు. కొట్టి, తనే భయపడి వెళ్ళిపోయాడు.

మైదానం ఖాళీ దొరికింది కదా అని తాయవ్వ రెండు మూడుసార్లు నోరు చేసుకుంది. తన తిట్లు తనకే చప్పగా తోచాయి. ఎదురుతిట్టు లేని తిట్టు ఉప్పు లేని పప్పు. తిట్టినవాళ్ళు తిట్టినట్టే ఉంటారు, పడినవాళ్ళు నడిచిపోతూ ఉంటారు, నడుమ రుచి మాత్రం ఉండదు.

మేకపిల్లకు దగ్గు తగ్గింది గాని అది సీసాకు అలవాటు పడలేదు. రబ్బరు చన్ను నోట్లో పెడితే ఉమ్మేసింది. మూతికి తేనె రాస్తే తేనె నాకి ముఖం తిప్పుకుంది. ఒకటి రెండు గుక్కలు తాగినప్పుడల్లా తలతో సీసాను ఒక్క పోటు పొడిచేది. సీసా ఎగిరి పడేది.

“తాపే చేతినే పొడుస్తదా ఇది?” అంది విమలాదేవి. మూడు రోజులకు వచ్చిన మాట అది. సన్నగా వచ్చింది.

“దాని తప్పేంది, తల్లి పొదుగును గూడ అట్లనే పొడుస్తయి” అంది తాయవ్వ. “నీ ఇంట్ల నీకు ఎదురు తిరిగే పానం ఒక్కటన్న దొరికింది, సంబురపడు.”

విమలాదేవి నవ్వలేదు. “అది తాగుత లేదు తాయక్కా. ఎముకలు చేతికి తగులుతున్నయి.”

గద్దె మీది నుంచి గుండేరావు దిగాడు. పెళ్ళయిన నాటినుంచి ఆ ఇంట్లో మాట్లాడడానికి ఆయనకు సందు దొరకలేదు. ఇప్పుడు దొరికినా మాట్లాడలేదు. ఆ దుకాణంలో పాత ఇనుప తక్కెడ ఒకటి దూలానికి వేలాడుతూ ఉంది. కరెంటు కాంటా వచ్చినప్పటినుంచి దాన్ని దుమ్ము తప్ప ఎవరూ తూచలేదు. ఆయన ఒకవైపు తట్ట విప్పేసి, ఆ గొలుసుకు పాలసీసాను తలకిందులుగా కట్టాడు. అటువైపు తట్టలో దానికి సరిపోయే బరువు వేశాడు. సీసా చుట్టూ గోనెసంచి పరదాలా దించాడు, లోపల తల్లి కడుపు కింద ఉన్నట్టు చీకటిగా ఉండేలా. అంతా చేసి చేతులు దులుపుకుని, “ఇప్పుడు పొడవనీ” అన్నాడు.

మేకపిల్ల గోనె కిందికి దూరింది. చీకింది. పొడిచింది. సీసా ఎగిరిపోలేదు, పొదుగులా వెనక్కి జరిగి మళ్ళీ నోటి దగ్గరికి వచ్చింది. పొడిచినప్పుడల్లా తక్కెడ ముల్లు అటూ ఇటూ ఊగింది. కాసేపటికి గోనె బయట ఉన్న బెత్తెడు తోక టకటక ఆడడం మొదలుపెట్టింది. హమాలీలు బస్తాలు భుజాల మీద పెట్టుకునే నిలబడి చూశారు.

అప్పుడు లేచింది విమలాదేవి గొంతు, గంజ్ ఈ చివరనుంచి ఆ చివరకు.

“ఏయ్ దత్తూ, గడపలో ఎవని అయ్య సొమ్మని నిలబడ్డవురా, గాలి రానియ్యి దానికి.”

దత్తు ముఖం వెలిగిపోయింది. పొలంలో వాన పడ్డ రైతులా అందరి వైపూ చూశాడు.

తర్వాత చెప్పడానికేముంది. మూడోది, దాని పేరు అదే, పెట్టిన పేరు కాదు పడిపోయిన పేరు, ఇల్లెక్కి దుకాణం దిగేది. గుండేరావు ధోవతి అంచు నమిలింది. తాయవ్వ చాటలోకి ఎక్కి నిలబడింది. ఎంత తిట్టినా ఆమెనే చూసి చెవులాడించింది. తాయవ్వకు ఆ పిల్ల తెలివి మీద అప్పుడే గౌరవం కలిగింది. విమలాదేవి ఎటు పోతే అటు వెనకాలే గిట్టల చప్పుడు. ఆమె ఎవరితోనైనా కొట్లాడుతుంటే పక్కనే నిలబడి మధ్యమధ్య మేమే అనేది.

కొన్నాళ్ళకు వీరప్ప దగ్గరినుంచి ఫోను వచ్చింది. మంద ఈ దారినే తిరిగి వస్తోంది, రేపు పొద్దున గంజ్ దాటుతుందని. ఫోను పెట్టేశాక విమలాదేవి టీ తెచ్చి తాయవ్వ ముందు పెట్టింది. తాగమని ఒకసారి అడిగింది, వెంటనే రెండోసారి అడిగింది. అప్పుడే తాయవ్వకు అనుమానం వచ్చింది.

“ఏంది సంగతి?”

విమలాదేవి ఆమె పక్కన కింద కూర్చుంది. మూడోది వచ్చి ఇద్దరి నడుమ దూరింది.

“రేపు వీరప్ప వస్తుండు. నేను మచ్చు ఇచ్చిన. అందరి ముంగట తీస్కపో అన్న. తిరగేస్తే గంజ్‌ల మాకు మొఖం ఉండది.”

“అయితే ఇచ్చెయ్యి.”

“ఇస్త. నేను ఇస్తనే అంట. నువ్వు అడ్డం పడు తాయక్కా. నా మాట నాది, నువ్వెవ్వరికీ మచ్చు ఇయ్యలే. ‘వదిలేసి పోయినోనికి పిల్లేంది, కావాల్నంటే దాని ధర తీస్కో’ అని వానితోని కొట్లాడు, నాతోని గూడ కొట్లాడు. రేపు నేను ఓడిపోవాలె.”

తాయవ్వ టీ గుటక వేసి, విన్నది ఇంకోసారి లోపల చప్పరించుకుంది. విమలాదేవి మేకపిల్ల చెవి సవరించింది.

“ఇంకోటి. మేకను ఒంటిగ ఉంచొద్దన్నది డాక్టరమ్మ. గెలిచినంక దీని అక్కలల్ల ఒకదాన్ని గూడ అడుగు. కాని జర గట్టిగ కొట్లాడాలె తాయక్కా. నేను జల్దీ ఓడిపోతే ఎవ్వరు నమ్మరు.”