నాలుగు వాటాల ఇంట్లో ఒక్క మోటారు

పోయిన ఆదివారం పొద్దున్నే అమలాపురం నుంచి సత్యవతి ఫోన్ చేసింది. "పెద్దమ్మగారు వెళ్ళిపోయారండి" అంది. ముందురోజు సాయంత్రం కూడా వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నారట. తెల్లారి కాఫీ పట్టుకెళ్తే లేవలేదట. ఎనభై దాటిన మనిషి, ఎవరిచేతా చేయించుకోకుండా వెళ్ళిపోయారు. ఆవిడ కోరుకున్నదీ అదే.

పెద్దమ్మగారు మాకు చుట్టం కాదు. మా ఇంటి ఓనరు. పెళ్ళయిన కొత్తలో, తొంభైల చివర్లో, మా ఆయనకి అమలాపురంలో కొబ్బరిపీచు కంపెనీలో గుమాస్తా ఉద్యోగం వస్తే ఆవిడ ఇంట్లో ఒక వాటా అద్దెకి తీసుకున్నాం. నాలుగు వాటాల పెంకుటిల్లు అది. ముందు వాటాలో బ్యాంకులో పనిచేసే ఒకాయన, మధ్యలో పెద్దమ్మగారు, పక్క వాటాలో మేము, వెనక వాటాలో సత్యవతీ ఇద్దరు పిల్లలూ. చిన్నా పెద్దా అందరం ఆవిణ్ణి పెద్దమ్మగారనే పిలిచేవాళ్ళం.

ఇంటికంతటికీ ఒక్కటే బోరు, ఒక్కటే మోటారు. వెనక స్నానాలగదుల శ్లాబు మీద ట్యాంకు. మోటారుకి వేరే మీటరుంది. ఆ కరెంటు బిల్లు నాలుగు వాటాలవాళ్ళం సమానంగా వేసుకునేవాళ్ళం. తాగడానికి మాత్రం వీధి కుళాయి. కోనసీమలో నీళ్ళు పొదుపు చెయ్యమంటే ఎవరైనా నవ్వుతారు. ఎటు చూసినా కాలవలే కదా. కానీ ఎండాకాలం కాలవలకి నీళ్ళు కట్టేశాక వీధి కుళాయి ఎప్పుడొస్తుందో తెలిసేది కాదు, బోరునీళ్ళు ఉప్పగా వచ్చేవి, తాగే నీళ్ళు డబ్బాలతో కొనుక్కోవలసి వచ్చేది. నేను రాజమండ్రిలో పెరిగిన పిల్లని. బకెట్టు పొర్లిపోతున్నా పట్టించుకునేదాన్ని కాదు. ఆవిడ ఒకసారి వచ్చి కుళాయి కట్టేసి, "గోదారి పక్కనుందని దోసిలి పెద్దదవదు కదమ్మా" అన్నారు. కోప్పడలేదు. ఆ మాట మాత్రం నాతో ఉండిపోయింది.

ఒక ఎండాకాలం మోటారు బిల్లు ఉన్నట్టుండి రెట్టింపయింది. పై నెల ఇంకా పెరిగింది. అందరి చూపూ వెనక వాటా మీదికి వెళ్ళింది. సత్యవతి బస్టాండు దగ్గర బండి మీద ఇడ్లీలు అమ్మేది. వాళ్ళాయన మస్కట్ వెళ్ళేడు గానీ అక్కణ్ణించి డబ్బూ లేదు, కబురూ లేదు. పప్పు కడగడం, రుబ్బడం, గిన్నెలు తోమడం, ఆ వాటాలో రోజంతా నీళ్ళ చప్పుడే. బ్యాంకాయన ఓ సాయంత్రం పెద్దమ్మగారి దగ్గరికొచ్చి, వ్యాపారం చేసుకునేవాళ్ళూ మనమూ సమానంగా కట్టడం న్యాయం కాదనీ, సత్యవతి సగం బిల్లయినా కట్టాలి, లేదా వాటా ఖాళీ చెయ్యాలనీ చెప్పేరు. ఆయన చెడ్డవాడు కాదు. ఆయన చెప్పిన లెక్క మాకందరికీ సబబుగానే తోచింది.

ఆ మాటలు గోడవతల సత్యవతి చెవిన పడ్డాయి. మర్నాటినుంచి మా కుళాయి ముట్టుకోవడం మానేసి, వీధి చివర బోరింగు నుంచి బిందెలతో మోసుకోవడం మొదలుపెట్టింది. పిల్లలు చెరో చెంబూ పట్టుకుని వెనకాల వచ్చేవారు. నేను వెళ్ళి వద్దంటే, "మాట పడ్డాక ఆ నీళ్ళు ఎలా వాడుకోనండి" అంది.

పెద్దమ్మగారు రెండ్రోజులు చూసేరు. శుక్రవారం సాయంత్రం సత్యవతిని పిలిచి, పిల్లల్ని తీసుకుని రేపు వాడపల్లి వెళ్ళి వెంకన్న దర్శనం చేసుకు రమ్మన్నారు. మమ్మల్నీ బ్యాంకాయన్నీ పిలిచి, రేపు పొద్దున్న ట్యాంకు నింపుతాం, ఎవరికి కావలసినవి వాళ్ళు ముందే పట్టుకోండి, సాయంత్రం దాకా ఒక్క కుళాయి కూడా తిప్పకండి అని చెప్పేరు. ఎందుకండీ అని బ్యాంకాయన అడిగితే, "ముందు నీళ్ళు ఎటు పోతున్నాయో చూద్దామండి. మనిషి సంగతి తరవాత చూద్దాం" అన్నారు.

శనివారమంతా ఆవిడ విసనకర్ర పట్టుకుని పెరట్లోనే కూర్చున్నారు. భోజనం కూడా అక్కడికే తెప్పించుకున్నారు. సాయంత్రం మా ఆయన నిచ్చెనెక్కి ట్యాంకులోకి చూసి, సగానికి పైగా ఖాళీ అయిందన్నారు. బ్యాంకాయన నమ్మలేక తనూ ఎక్కి చూసుకున్నారు.

మాది ఇసక నేల. ఎంత నీరైనా తాగేస్తుంది, పైకి తడి కనపడనివ్వదు. పెద్దమ్మగారు కర్ర పట్టుకుని గోడవారగా నెమ్మదిగా నడిచేరు. పెరడంతా గడ్డి ఎండి పసుపెక్కిపోయి ఉంది. స్నానాలగది వెనక మాత్రం చేమమొక్కలు చేటలంత ఆకులతో నవనవలాడుతున్నాయి. అక్కడ ఆగి, "వీటికి ఎండాకాలం రాలేదేంటండీ?" అన్నారు.

మర్నాడు తవ్వించేరు. ట్యాంకు నుంచి దిగి భూమిలోంచి వెళ్ళే పైపు అతుకు దగ్గర పగిలి, నీళ్ళు ఇసకలోకి ఊరిపోతున్నాయి. ఎవరూ కుళాయి తిప్పకపోయినా ట్యాంకు ఖాళీ అవుతోంది, దాన్ని నింపడానికి మోటారు తిరుగుతూనే ఉంది. "పైపు వేయించింది పోయిన మా ఆయనే, ఆ నష్టం నాది, మీరెవరూ కట్టొద్దు" అన్నారు పెద్దమ్మగారు. సత్యవతిని దగ్గర కూర్చోబెట్టుకుని, తవ్విన చోట తడి చూపిస్తూ, "నేలని అడగాల్సిన మాట మేము నిన్ను అడిగేమమ్మా" అన్నారు. ఆ పిల్ల అప్పుడు ఏడ్చింది. మాట పడ్డ రోజున ఏడవలేదు.

సోమవారం పొద్దున్న బ్యాంకాయన సత్యవతి బండి దగ్గరకెళ్ళి నించున్నారట. ఏం చెప్పాలో తెలియక ఇడ్లీలు తిన్నారట. అయిపోయాక, "ఇంకో రెండు వెయ్యమ్మా" అన్నారట. "ఆయ్" అని ఈ పిల్ల వేసిందట. ఆ మాట ఇక ఇద్దరి మధ్యా ఎప్పుడూ రాలేదు. ఆయనకి బదిలీ అయ్యేదాకా టిఫిను మాత్రం ఆ బండి దగ్గరే. ఆయన నోరు తెరిచి క్షమించమని అడగలేదని నేనంటే పెద్దమ్మగారు నవ్వి, "అన్నీ నోటితోనే చెప్పాలా ఏంటమ్మా, కొందరు ఆకలితో చెప్తారు" అన్నారు.

తరవాత ఆ ఇంటి నీళ్ళ తీరే మారిపోయింది. మోటారు రోజుకొక్కసారే. కారే కుళాయిలన్నిటికీ కొత్త వాషర్లు వేయించేరు. స్నానాల నీళ్ళు అరిటిచెట్లకి మళ్ళించేరు. సత్యవతి పప్పు కడిగిన నీళ్ళు బెండమొక్కలకి వెళ్ళేవి, ఆ బెండకాయలు మా అందరి కూరల్లోకి వచ్చేవి. బిల్లు పాత రోజులకన్నా తగ్గింది. ఎవరూ కష్టపడి మానేసినట్టు కూడా అనిపించలేదు. మాటల మధ్యలో ఎక్కడైనా చుక్క పడే చప్పుడు వినిపిస్తే పెద్దమ్మగారు, ఎంత ముఖ్యమైన కబురైనా ఆపి లేచి వెళ్ళి కట్టేసి వచ్చి, "ఆఁ, ఇప్పుడు చెప్పమ్మా" అనేవారు. నేను ఏదైనా దిగులు చెప్పుకుంటున్నప్పుడు ఆ చిన్న విరామంలోనే సగం తేలికపడేదాన్ని.

మేము కాకినాడ వచ్చేశాం. సత్యవతి బండి చిన్న హోటలయింది. మస్కట్ ఆయన ఆలస్యంగానైనా తిరిగొచ్చేడు, ఇప్పుడు గల్లా దగ్గర కూర్చుంటున్నాడు. వాళ్ళు ఆ వెనక వాటా ఖాళీ చెయ్యలేదు. చివరి రోజుల్లో పెద్దమ్మగారి పక్కనున్నది వాళ్ళే. సొంతిల్లు కట్టుకోగల స్థితి వచ్చినా ఎందుకు కదల్లేదని నేను అడగలేదు.

కిందటేడు మృగశిర కార్తెలో పెద్దమ్మగారిని చూడ్డానికి వెళ్ళేను. వెళ్ళేసరికి వాన మొదలయింది. పెంకుల చూరు కింద పెద్ద ఇత్తడి గుండిగ పక్కన పెట్టుకుని నించున్నారు. పట్టరేమండీ అంటే, "మొదటి నీళ్ళు ఇంటికమ్మా, కప్పు కడుక్కోనీ. తరవాతవి మనవి. ఈ నీళ్ళతో పప్పు వెన్నలా ఉడుకుతుంది, భోంచేసి వెళ్ళు" అన్నారు. చూరు నుంచి ముందు ఎర్రగా, తరవాత పల్చగా, తరవాత తేటగా ధార పడింది. ఆవిడ దోసిలి పట్టి ఒక గుక్క తాగి చూసుకుని తలూపేరు. అప్పుడు ఇద్దరం చెరోపక్కా పట్టుకుని గుండిగని ధార కిందికి జరిపేం. ఖాళీ గుండిగలో వాన మోగింది. అది నిండేకొద్దీ చప్పుడు మెల్లగా లోతవుతుంటే, ఆవిడ తడిచేతులు పైటకి తుడుచుకుంటూ, ఎక్కడికీ తొందర లేని మనిషిలా వింటూ నించున్నారు.