సగం పాటల హోటలు

ఇబ్రహీంపట్నం బజారులో చాయ్ హోటలు నడిపిన ఆ అన్న మీద నాకిప్పటికీ కోపమే. రజాకార్ల రోజులవి. మంచాల నుంచి జొన్నల బండి తోలుకొచ్చి, ఆయన బ్యాటరీ రేడియోలో మద్రాసు తెలుగు పాట వినడానికే అక్కడ ఆగేవాణ్ణి. నాకప్పుడు అక్షరం రాదు. చెవిన పడిందే చదువు.

ఒక్క పాటా పూర్తిగా విననిచ్చేవాడు కాదు. ఎదుటి హోటలులోనూ రేడియో ఉంది. అక్కడ ఎప్పుడూ హైదరాబాదు గజళ్లే. మద్రాసు పాటంటే గిట్టని రజాకార్లు అక్కడే కూర్చునేవాళ్లు. వాళ్లలో ఒకడు లేచి నిలబడితే చాలు, ఈయన చెయ్యి రేడియో మర మీదికి పోయేది. తెలుగు పాట తెగి గజల్ మొదలయ్యేది. వాడు కూర్చున్నాక మళ్లీ తెలుగు పెడితే, ఆ పాట అప్పటికే అయిపోయేది.

“గజల్ వినాల్నంటె గాడికే పోతం గద సేటూ, నీ తాన ఎందుకు?” అని బండ్లవాళ్లు ఎగతాళి చేసేవాళ్లు.

“జర ఆగుండ్రి, గాయిన కూసోనీ,” అనేవాడు.

ఒక్కొక్కరే రావడం మానేశారు.

పోలీసు చర్య అయింది. రజాకార్లు పోయారు. ఎదుటి హోటలాయన తాళం వేసి ఎటో వెళ్లిపోయాడు. నేను సంబరంగా పోయి కూర్చున్నాను.

“ఇగ ఫికర్ లేదే అన్నా, పాట మొత్తం విననియ్యి.”

“అవ్, విను.”

చరణం సగంలో ఉండగా ఆయన చెయ్యి మళ్లీ మర మీదికి పోయింది.

“ఇంకెవరున్నరే గాడ?” అని అరిచాను.

ఆయన ఆ తాళం వైపే చూస్తున్నాడు.

“జర ఆగు. రేపు గా హోటల్ల ఎవడు దిగుతడో, ఏం పాట పెడ్తడో.”

చాయ్ అక్కడే వదిలేసి బండి కట్టాను.