ఒక పార్సెలు, మూడు ఆకులు

హోటల్లో కట్టిచ్చే ఒక్క పార్సెల్ భోజనం ఎంతమందికి సరిపోతుంది? చూడ్డానికి చిన్న ప్రశ్నే. కానీ యాజులుగారిని ఎరిగినవాళ్ళెవరూ దీనికి ఇప్పటికీ జవాబు చెప్పలేరు.

లోకానికి తెలిసినంతవరకు సంగతి ఇదీ. మన వైపు మెస్సులో కూర్చుని తింటే మీల్స్ ఒకరికి. అవే మీల్స్ పార్సెల్ కట్టించుకుంటే ముగ్గురు తినొచ్చు. డబ్బులు మాత్రం దగ్గరదగ్గర అంతే. ఎందుకలాగో కట్టేవాడికీ తెలీదు, తినేవాడికీ తెలీదు. అందరూ ఈ వింతకి నవ్వుకుని ఊరుకుంటే, నర్సీపట్నం యాజులుగారు దీనిమీద ఒక జీవితాన్నే నిలబెట్టుకున్నారు. ట్రెజరీలో ఉద్యోగం చేసినన్నాళ్ళూ, రిటైరయ్యాక కూడా, ఊరు దాటాక ఆయన హోటల్లో బల్ల ముందు కూర్చోగా చూసినవాడు లేడు. కౌంటరు దగ్గర నిలబడతారు. గొడుగు చంకలోకి మారుస్తారు. సంకల్పం చెప్పినంత స్పష్టంగా అంటారు:

"ఒక పార్సెలు, మూడు ఆకులు!"

"కూర్చోండి సార్, వేడిగా వడ్డిస్తాం," అంటాడు సర్వరు.

"కూచుంటే ఒకడికి, పట్టికెళ్తే ముగ్గురికీనా? అంటే ఇద్దరి భోజనం నీ కుర్చీయే తినేస్తోందన్నమాట. నాకొద్దు బాబూ, ఆ కుర్చీ."

హరిణి ఆయన కోడలు. బ్యాంకులో ఉద్యోగం. పెళ్ళిచూపులకి వచ్చినప్పుడు పెళ్ళికొడుకు ఉదయ్‌కుమార్ చొక్కా జేబు దగ్గర పచ్చటి మరకొకటి కనిపించింది. కొత్తరకం డిజైనేమో అనుకుంది. పెళ్ళయ్యాక తెలిసింది, అది సాంబారని. దారిలో బస్టాండు బెంచీ మీద మామగారు ఒక్క పార్సెల్ ఇంటిల్లిపాదికీ పంచుతుంటే సాంబారు కవరు ముడి ఊడిందట.

కొత్త దంపతులు అరకు బయల్దేరినప్పుడు అందరూ తలో జాగ్రత్తా చెప్పారు. యాజులుగారు కొడుకుని పక్కకి పిలిచి, రహస్యంగా అన్నారు.

"మీరిద్దరే కదురా. ఒక పార్సెలు చెప్పు. మిగిలింది రాత్రికొస్తుంది."

ఆయనతో ప్రయాణమంటే హరిణికి ప్రాణం మీదికొచ్చేది. అన్నవరం వెళ్తూ ఒకసారి పెద్ద ఏసీ హోటల్లో ఆగారు. ఆమె మెనూ తెరిచేలోపే కౌంటరు దగ్గర్నుంచి 'ఒక పార్సెలు, మూడు ఆకులు' వినిపించింది. హాలంతా తలలు తిప్పింది.

"ఆ పెద్దాయన మీ తాలూకానా మేడమ్?" అన్నాడు సర్వరు.

"కాదండీ, ఎవరో," అంది హరిణి, మెనూలో తల దూర్చేసి.

ఒకసారి అలవాటయ్యాక నోరు ఊరుకోదు. తునిలో ఎవరో. శ్రీకాకుళంలో ఎవరో. సింహాచలం మెట్ల దగ్గర కూడా ఎవరో.

నెలకోసారి మాత్రం యాజులుగారు ఒక్కరే వెళ్ళేవారు, చక్కెర జబ్బుకి విశాఖపట్నం పెద్దాసుపత్రిలో చూపించుకోడానికి. ఆ మనశ్శాంతి కూడా ఎక్కువకాలం నిలవలేదు. పక్కింటి గురుప్రసాద్‌గారు ఒకనాడు గేటు దగ్గరే ఆగి చెప్పారు.

"మీ మామగారు ఆసుపత్రి దగ్గర మత్స్యలింగం మెస్సులో కనిపించారమ్మా. ఒక పార్సెలు, మూడు ఆకులూ."

"ఆయన వెళ్ళింది ఒక్కరే కదండీ!"

"నాకూ అదే అర్థం కాలేదు."

హరిణికి మాత్రం బాగా అర్థమైంది. డాక్టరు రోజుకి ఒక్క కప్పు అన్నం అన్నాడు. ఈయన ముగ్గురిది లాగించేస్తున్నారు. చక్కెర దిగమంటే ఎలా దిగుతుంది?

"మామయ్యగారూ, ఒక్కరికి మూడాకులెందుకండీ?"

"అన్నానికొకటి, కూరకొకటి, పెరుగుకొకటి."

"ఆ అన్నమంతా మీరే తింటున్నారా?"

"పారెయ్యమంటావా ఏవిటమ్మా?"

 హరిణి నంబరు సంపాదించి మత్స్యలింగానికి ఫోన్ చేసింది. డాక్టరు చెప్పారు, ఇకనుంచీ మా మామగారి పార్సెల్లో ఒక్క కప్పు అన్నమే ఉండాలి, అంది.

"అలగెలాగమ్మా? పార్సెలంటే పార్సెలే. సగం కడితే నా సెయ్యి నన్నే తిడతాది," అన్నాడు మత్స్యలింగం.

"ఆయన ఆరోగ్యం ముఖ్యమా, మీ చెయ్యి ముఖ్యమా?"

"అయితే సరే. మాటొస్తే నాను పడతాను లెండి. మీ పేరు సెప్పను."

ఆ నెల యాజులుగారు విశాఖనుంచి వచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా వంటింట్లోకి నడిచారు. పొద్దుటి ఇడ్లీలు నిలబడే తిన్నారు. దేవుడి దగ్గర అరటిపండు కూడా తిన్నారు.

"మత్స్యలింగం చెడిపోయాడమ్మా," అన్నారు, మంచినీళ్ళు తాగి.

"ఏమైందండీ?" అంది హరిణి, ఏమీ ఎరగనట్టు.

"పార్సెలు చిక్కిపోయింది."

ఆమెకి స్వీట్లు పంచాలన్నంత సంతోషం వేసింది. చక్కెర జబ్బువాళ్ళింట్లో బాగుండదని ఊరుకుంది. కానీ గ్లాసు పట్టుకున్న ఆయన చెయ్యి వణకడం చూసి ఆ సంతోషం ఆవిరైపోయింది. డాక్టరుకి ఫోన్ చేస్తే, "మాత్ర వేసుకుని భోంచెయ్యకపోతే అలాగే అవుతుంది. ఎప్పుడో ఎక్కడో పడిపోతారు," అన్నాడు.

భోంచెయ్యకపోవడమేమిటి? ఒక కప్పు తిన్నారుగా! మరి ఆ కప్పు ఎక్కడికి పోయినట్టు?

మర్నెల, "చీరలు కొనాలి, నేనూ వస్తాను," అని ఆయనతో బస్సెక్కింది. ఆసుపత్రి దగ్గర బజారుకని చెప్పి, చాటుగా వెనకే నడిచింది.

మెస్సు నుంచి యాజులుగారు ఆసుపత్రి ఆవరణలో ఉన్న రేకుల షెడ్డుకి వెళ్ళారు. అక్కడ కాలికి కట్టుతో ఒకాయన, పక్కన ఆయన భార్య కూర్చుని ఉన్నారు. చింతపల్లి పైన కొండమీది ఊరువాళ్ళు చిట్టిరాజు, సోమలమ్మ. చిట్టిరాజు కాలు చూపించుకోడానికి నెలనెలా తెల్లవారకుండానే బస్సెక్కి వస్తారు. యాజులుగారు వాళ్ళ ముందు మూడు ఆకులూ పరిచి, మొహం దీనంగా పెట్టారు.

"చూశావా సోమలమ్మా, ఆ మెస్సువాడు మళ్ళీ నా కొంప ముంచాడు. ఒక్కణ్ణేరా బాబూ అన్నా వినకుండా ముగ్గురి అన్నం కట్టేశాడు. పారేస్తే చూడలేను. కాస్త సాయం పట్టండి."

పొట్లం విప్పారు. హరిణి పుణ్యమా అని అందులో ఒక్క కప్పు అన్నముంది. యాజులుగారు దాన్నే రెండాకుల్లో చెరి సగం సర్ది, తన ఆకులో కాస్త ఆవకాయ వేసుకున్నారు.

"మీకో బాబూ?" అంది సోమలమ్మ.

"నేను మెస్సులోనే కూచుని తినేశాను."

స్తంభం వెనక హరిణి గుండె ఆగినంత పనైంది. ఊరు దాటాక ఆయన కూచుని తినడం! ఇంతకన్నా పెద్ద అబద్ధం ఆయన జన్మలో ఆడి ఉండరు.

"తినేసినోరు పార్సెలెందుకు కట్టించినారు?" అంది సోమలమ్మ. "కిందటి నెలా ఇదే సెప్పినారు. మీ కడుపు అరుపు మా ఆయనకి కూడా ఇనపడింది."

చిట్టిరాజు నిజమేనన్నట్టు తలూపాడు.

"అది బస్సు చప్పుడై ఉంటుంది," అన్నారు యాజులుగారు.

"ఆసుపత్రి లోపలికి బస్సెలాగొత్తాది బాబూ? మీరు తింటేనే మేఁవూ తింటాం. నేదంటే నేదు."

ఆ కప్పు అన్నం ముందు ముగ్గురూ పంతం పట్టుకుని కూర్చున్నారు. హరిణి మెస్సుకి పరిగెత్తింది.

"మత్స్యలింగంగారూ, ఫోన్ చేసింది నేనే. పార్సెలు! పాత పద్ధతిలో. బేగి కట్టండి."

"మరి డాక్టరుగారో?"

"ఆయన ఎప్పుడూ ఒక్క కప్పే తిన్నారండీ."

మత్స్యలింగం ఆమె వంక చూశాడు. ఆ తర్వాత అన్నం గిన్నె దగ్గరికి లాక్కుని, రెండు నెలల బాకీ ఒక్కసారే తీర్చేస్తున్నట్టు గరిటె తిప్పాడు.

షెడ్డులో పంతం ఇంకా సాగుతూనే ఉంది. హరిణి వెళ్ళి వాళ్ళ ముందు నిలబడింది. మామగారి మొహంలాంటి మొహమే పెట్టింది.

"అమ్మా, ఒక్కదాన్నే వచ్చానండీ. ఆ మెస్సువాడు చూడండి, ముగ్గురి అన్నం కట్టేశాడు. పారేస్తే చూడలేను. కాస్త సాయం పడతారా?"

యాజులుగారు ఆమె వంక చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు.

"ఒకాకు తక్కువైంది," అన్నారు చివరికి.

సోమలమ్మ తన మూటలోంచి అడ్డాకు విస్తరొకటి తీసి పరిచింది.

"ఈయమ్మ మీ తాలూకేటి బాబూ?"

"ఎవరోనమ్మా," అన్నారు యాజులుగారు, పప్పు కలుపుకుంటూ.

హరిణికి పొలమారింది. అన్నవరం నుంచి సింహాచలం దాకా ఆయనకి అన్నీ వినబడ్డాయన్నమాట!

సోమలమ్మ ఆమెకి మంచినీళ్ళందించి, ముసిముసిగా నవ్వింది. "ఒకింటోళ్ళు కాకపోతే ఇద్దరికీ ఒకే అబద్దం ఎలాగొచ్చిందమ్మా? ఈ మెస్సోడి మోసం మాకెప్పుడో తెలుసు. మేం కూర్సుంటేగాని ఈయన తినరని కూర్సుంటాం."

నలుగురూ కడుపునిండా తిన్నారు. యాజులుగారు ఒక్క కప్పే తిన్నారు. అయినా పార్సెల్లో ఇంకా అన్నం మిగిలింది. పక్క బెంచీ మీది ముసలావిడని కూడా సాయం పట్టమన్నారు.

హరిణి చెయ్యి కడుక్కొచ్చేసరికి యాజులుగారి ఆకు మడిచి ఉంది. ఆయనా లేరు, గొడుగూ లేదు.

"ఎల్లొత్తానని ఎప్పుడూ సెప్పరమ్మా," అంది సోమలమ్మ. "సెప్తే దణ్ణం పెడతాఁవని బయిం."

అంతలో వాచ్‌మన్ బెంచీ మీదనుంచి కళ్ళజోడు పెట్టె తీసి ఊపాడు. "ఇది మర్చిపోయిన గొడుగు పెద్దాయన ఎవరి తాలూకా అండీ?"

"మా మామయ్యగారండీ!" అంది హరిణి.

షెడ్డు షెడ్డంతా తలలు తిప్పింది. ఆమె తల దూర్చుకోడానికి మెనూ వెతుక్కోలేదు. గొంతు ఇంకాస్త పెంచి, "మా మామయ్యగారే!" అంది మళ్ళీ.

గేటు దగ్గర గొడుగు ఆగినట్టే ఆగింది. తర్వాత వెనక్కి తిరక్కుండా, కోడలికి కూడా చెప్పకుండా, బస్సుల వైపు సాగిపోయింది.