సందూకు, బందూకు

ఇన్నేళ్లుగా నేను మోస్తున్నది ఒక్క అక్షరం బరువు. నవ్వకండి, మోసేవాడికే తెలుస్తుంది. మిషన్ బళ్లో లెక్కలు చెప్పుకుని బతికినవాణ్ణి, రెండో ఎక్కం దగ్గర తప్పాను. ఎక్కాలన్నీ నోటికి వచ్చేవి. తలకే ఎక్కలేదు.

పోలీసు చర్యకు కొన్ని వారాల ముందు సంగతి. గుంటూరు వైపు నుంచి సికింద్రాబాదుకు కొత్తగా వచ్చి, కార్ఖానా అనే పేటలో ఒక వాటా అద్దెకు తీసుకున్నాను. పక్క వాటాలో వడ్రంగి బాలయ్య, ఆయన భార్య సత్తెమ్మ. ఆ రోజుల్లో జనం ఏం మాట్లాడుకున్నా గొంతు తగ్గించే. ఒక పొద్దున గోడ అవతల సత్తెమ్మ ఎవరితోనో అంటోంది: "మా బిడ్డింటికెల్లి రెండు సందూకులు వచ్చినయి. ఊర్ల గడబిడ ఉన్నదని మా ఇంట్ల దాచిపెట్టమన్నరు."

మా వైపు పెట్టె అంటాం. సందూకు అన్న మాట అప్పటికి నేనెరగను. నాకు వినిపించింది బందూకులని. తెలియని మాటను భయం తనకు తెలిసిన మాటగా మార్చుకుంది.

ఇద్దరికి చెప్పాను. మా బడి డ్రాయింగు మాస్టారికి, పాలు పోసే ఆమెకు. మర్నాడు బాలయ్య వాకిట్లో రెండు రేకు పెట్టెలు కనబడితే ఇవేమిటని అడిగాను. "సందూకులు సారూ," అంది సత్తెమ్మ. నా మొహం మాడిపోయింది. వెంటనే పోయి ఆ ఇద్దరికీ కాదని చెప్పి వచ్చాను. ఇద్దరికి చెప్పాను, ఇద్దరి దగ్గరా తీసేశాను, శేషం సున్నా. హాయిగా అన్నం తిన్నాను.

అదీ నా తెలివి. ఆ ఇద్దరూ అప్పటికే చెరో ఇద్దరికి చెప్పి ఉంటారని, ఆ నలుగురు ఎనిమిది మందికి, ఆ ఎనిమిది మంది పదహారు మందికి, ఇలా పది నోళ్లు మారేసరికి వెయ్యి దాటిపోతుందని బోర్డు మీద ఎన్నిసార్లు వేసి చూపించలేదు? పుకారు గుణకారంలో పరుగెత్తుతుంది. దాన్ని దిద్దాలంటే కూడికలో, కాళ్లీడ్చుకుంటూ, ఒక్కొక్క గడపా ఎక్కాలి. ఎక్కానా? లేదు. ఎక్కితే మొదట అన్నది నేనేనని తేలిపోతుంది. తెలియక అన్నది పొరపాటు. మరి తెలిశాక ఊరుకున్నదాన్ని ఏమనాలి? గుణించడం వచ్చినవాడికి గుణం కూడా ఉండాలని ఎక్కడుంది?

మూడో రోజుకు బోయిన్‌పల్లి బజార్లో అవి నలభై తుపాకులయ్యాయి. నాలుగో రోజు సిపాయిలు వచ్చి ఇల్లు సోదా చేశారు. పెళ్లి చీరలు, ఇత్తడి చెంబులు దొరికాయి. అయినా బాలయ్యను తీసుకుపోయారు. వారానికి వదిలారు. కుడిచెయ్యి పైకి లేవడం లేదు. వడ్రంగికి కుడిచెయ్యి.

చూడడానికి పోయాను. పోకపోతే అనుమానం వస్తుందని.

"ఏం జెప్పాలె సారూ. సందూకును బందూకు జేసిండ్రు. ఒక్క అచ్చరమే గద," అని నవ్వబోయాడు బాలయ్య. సత్తెమ్మ చాయ్ తెచ్చిచ్చింది. బాలయ్యే అడిగాడు. "మీరు లెక్కల సారు గద. గింత ఊరంత ఎరుక గావాలంటే ఎందరు జెప్పి ఉంటరు?"

"మొదట ఒక్కడు చాలు బాలయ్యా."

"ఒక్కడేనా?" చాలాసేపు నన్నే చూశాడు. "గట్లయితే జెర నయమే సారూ. ఊరంత పగబట్టిందనుకున్న."

అప్పుడు చెప్పవలసింది. చాయ్ చల్లారిపోతోందన్నాను.

గొడవలు సద్దుమణిగాక వాళ్లు ఇల్లు ఖాళీ చేసి బిడ్డ దగ్గరికి పోయారు. మళ్లీ కనబడలేదు. నేనూ వెతకలేదు. వెతకలేదన్నది కూడా ఇక్కడే రాసేస్తున్నాను.

ఇప్పుడు నన్ను అందరూ పెద్దమనిషి అంటారు. ఆ పెద్దమనిషి మీద కసి తీర్చుకుందామని పోయిన సోమవారం మంగలి నర్సింగుకు ఇదంతా చెప్పి, కడుపులో పెట్టుకోమన్నాను. అతని కడుపెంత చిన్నదో బజారంతటికీ తెలుసు. ఆదివారం చర్చిలో నా బల్ల మీద ఇంకెవరూ కూర్చోలేదు. కాళ్లు బారచాపుకుని కూర్చున్నాను.