ఎవరికేది పడదో ఆయనకి తెలుసు

మా మందుల షాపు కూర్మన్నపాలెం జంక్షన్లో ఉండేది. ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజులవి. భూములిచ్చిన ఊళ్లవాళ్లు, కాంట్రాక్టు కూలీలు, క్వార్టర్లలో ఆడవాళ్లు, అందరికీ మా ఆయనే డాక్టరు. ఆయన చదివింది ఫార్మసీయే గానీ డాక్టరీ కాదని నేనెంత మొత్తుకున్నా ఎవరూ చెవిన పెట్టేవారు కాదు. ఆసుపత్రికెళ్తే పూట కూలి పోతుంది. ఇక్కడైతే నిలబడ్డపాటున మాత్ర చేతిలో పడుతుంది.

ఆయనకొక పద్ధతి ఉండేది. కొట్టుకి వచ్చిన మనిషిని ముందు కాసేపు ఎగాదిగా చూసి, "నీకు పెన్సిలిన్ పడదు, మీయమ్మకీ పడనేదు" అని చెప్పి, ఆ తర్వాతే మందు తీసేవాడు. ఎక్కడా రాసుకున్నది లేదు, అంతా బుర్రలోనే. ఇది ఎంత అలవాటైపోయిందంటే, తమకేది పడదో జనం తామే మర్చిపోయారు. ఎవరైనా అడిగితే, "నాకేటి తెల్సు, బాబుకి తెల్సు" అని నవ్వేసేవారు. నాకు ఒళ్లు మండేది. ఇంట్లో ఉప్పు నిండుకున్న సంగతి ఈయనకి గుర్తుండదు గానీ ఊరందరి దద్దుర్లూ గుర్తుంటాయి.

రాజకీయం కూడా ఆ కొట్టు బెంచీ మీదే పుట్టింది. మందుకోసం వచ్చినవాళ్లు పోయిన భూముల గురించీ రాని ఉద్యోగాల గురించీ చెప్పుకునేవారు, ఈయన అర్జీలు రాసిపెట్టేవాడు. ఎనభైల మొదట్లో పంచాయతీ ఎన్నికలొస్తే సర్పంచిగా నిలబడమని పట్టుబట్టారు. కొన్నాళ్లు బెట్టు చేసి ఒప్పుకున్నాడు. అవతలి పార్టీవాళ్లు రోడ్లేస్తామని మైకులో గొంతు చించుకుంటుంటే, ఈయన గుమ్మం ముందు నిలబడి, "మీ అత్తకి ఆయాసం తగ్గినాదేటి?" అని అడిగేవాడు. ఆ మాటకి మంచం మీదున్న ముసలాళ్లు కూడా లేచి బయటికొచ్చేవారు.

ఆయన జీపెక్కి తిరుగుతున్నన్నాళ్లూ కొట్లో మా తమ్ముణ్ణి కూర్చోబెట్టాం. వాడు పెందుర్తిలో మందుల షాపులో పనిచేసి వచ్చినవాడే. మందులు తెలుసు, మనుషులు తెలియదు. గోడమీద అద్దం ఫ్రేములో మా ఆయన సర్టిఫికెట్టు వేలాడుతుంటే చాలు, ఆయన కొట్లో ఉన్నట్టే లెక్క. అప్పట్లో చాలా కొట్లు అలాగే నడిచేవి.

ఒకరోజు పొద్దున్నే మా తమ్ముడికి టిఫిను పట్టుకెళ్లాను. ఫ్యాక్టరీలో తాపీపని చేసే ఒకతని భార్య వచ్చి కౌంటరు మీద చెయ్యి చాపింది. గాజుపలక మీద ఆమె గాజులు గలగలమన్నాయి. "జొరం తమ్ముడా, గొంతు పట్టేసింది. మాత్తర్లియ్యి" అంది. వాడు సల్ఫా మాత్రలిచ్చాడు. ఆమె ఇంకేమీ చెప్పలేదు. ఎందుకు చెబుతుంది? అది ఆమెకేది పడదో తెలిసిన కొట్టు. మనిషి మారాడు గానీ కొట్టు అదే కదా అనుకుని ఉంటుంది.

రెండ్రోజుల్లో ఆమెకి ఒళ్లంతా బొబ్బలెక్కాయి. పట్నం ఆసుపత్రికి తీసుకెళ్లారు గానీ బతకలేదు. కబురు తెలిసి మా ఆయన ప్రచారం మధ్యలో జీపు దిగి నేరుగా కొట్టుకొచ్చి, ఏ మందిచ్చావని మా తమ్ముణ్ణి అడిగాడు. వాడు చెప్పాడు. ఈయన కౌంటరు వెనక నేలమీద కూలబడిపోయాడు.

"ఆయమ్మకి సల్ఫా పడదురా" అన్నాడు.

"ఆవిడ సెప్పనేదు బావా!" అని మా తమ్ముడు ఆయన కాళ్లు పట్టుకున్నాడు.

వాడన్నది నిజమే.

ఎన్నికలో ఆయన గెలిచాడు. చనిపోయినామె భర్త దండ పట్టుకుని వచ్చాడు. "నా ఓటు బాబుకేనని అనీది. ఏసుకోకండానే పోనాది" అని ఏడ్చాడు. ఆ దండ మెడలో పడుతుంటే మా ఆయన మొహంలో నెత్తుటిచుక్క లేదు.

అప్పట్నుంచి ఆయన కౌంటరు వెనక నిలబడలేకపోయాడు. ఆడమనిషి ఎవరైనా చెయ్యి చాపితే వెనక్కి జరిగేవాడు. అన్నం తింటూ తింటూ నావైపు చూసి, "నీకేదైనా మందు పడదేటే?" అని అడిగేవాడు. నాకు ఆస్పిరిన్ పడదని పెళ్లైన కొత్తలోనే కనిపెట్టిన మనిషి! నాకు భయం పట్టుకుంది. కొట్లో గాజుల చప్పుడైతే నేనూ తలెత్తి చూసేదాన్ని. ఎవరో ఒకరు ఉండేవారు, ఆమె కాదు.

ఆమె భర్త మాత్రం రోజూ పని దిగి మా బెంచీ మీదికే వచ్చి కూర్చునేవాడు. ఇంటికెళ్తే తోచదనేవాడు. ఆ మనిషిని చూస్తూ ఉండలేక, ఒక సాయంత్రం మా ఆయన అందరి ముందూ చెప్పేశాడు. ఆమెకి పడని మందు తన కొట్లోనే ఇచ్చారని, కొట్టు వదిలి వెళ్లడం తన తప్పని, పోలీసులకి చెప్పుకున్నా సరేనని అతని కాళ్లమీద పడ్డాడు. ఆ మనిషి కొడతాడనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను.

అతను గాభరాపడి మా ఆయన్ని లేవదీశాడు. "ఊరుకో బాబూ! నీ కొట్టు మందుకి మడిసి సచ్చిపోద్దేటి? దాని ఆయుస్సు అంతే. నువ్వు మారాజువి గనక నీ నెత్తిమీదేసుకుంటన్నావు" అన్నాడు.

"నాను నిజమే సెప్తన్నానురా!" అని ఈయన గోల పెట్టాడు. అతను తన తువ్వాలుతో ఈయన కళ్లు తుడిచాడు.

మళ్లీ ఎన్నికలొచ్చాయి. నిలబడనంటే ఎవరూ వినలేదు, ఇంటిమీదికొచ్చి జీపెక్కించారు. జీపు మా కొట్టు ముందు ఆగినప్పుడు మైకు ఆ తాపీమేస్త్రీ చేతిలో ఉంది.

"నా ఆడది జొరమొచ్చి పోతే, తప్పు నాదేనని నా కాళ్లమీద పడిపోనాడు ఈ బాబు! ఇలాటోడు ఎక్కడైనా ఉన్నాడేటి?"

జనం చప్పట్లు కొట్టారు. ఆడవాళ్లు కొంగులతో కళ్లొత్తుకున్నారు. మా ఆయన ఏదో చెప్పబోయాడు, ఆ కేకల్లో ఆయన మాట వినపడలేదు. కాసేపటికి జనం వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. క్షమించమని అడుగుతున్నాడని నాకొక్కదానికే తెలుసు. వాళ్లు మాత్రం ఆయనకే ఓట్లేశారు, పోయినసారి కన్నా ఎక్కువగా.