పెట్టెకు దరువు నేర్పిన అక్క

ఆ ఆర్కెస్ట్రాలో గాయకులు మారారు, గిటారు వాయించేవాళ్ళు మారారు, ఆఖరికి వ్యాను కూడా మారింది. డ్రమ్స్ వెనక మనిషి మాత్రం మారలేదు. ఆవిడ అసలు పేరు పోస్టర్ల మీద సైతం ఉండేది కాదు. అందరికీ దరువక్కే. పొట్టి మనిషి. స్టూలు మీద కూర్చుంటే ఇత్తడి పళ్ళేల్లాంటి సింబల్స్ మధ్యలోంచి నుదురు మాత్రమే కనిపించేది. అయితేనేం, మొదటి దెబ్బ పడిందంటే వెనక వరుసలో కునుకు తీస్తున్నవాడు కూడా సర్దుకుని కూర్చునేవాడు.

ఆమె భర్త టైలరు. ఇంటి ముందుగదిలో ఆయన కుట్టుమిషను, వెనకగదిలో ఆమె డ్రమ్స్. ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించేది ఆమె సొంత తమ్ముడు. అక్కకు భయపడతాడు, అక్కతోనే పోట్లాడతాడు.

ఒక ప్రదర్శన ముగిశాక సామాను వ్యానులోకి ఎక్కిస్తుంటే తడిమెట్టు మీద ఆమె కాలు జారింది. కుడి భుజం విరిగింది. ఎముక అతికింది గానీ చెయ్యి ఛాతీ దాటి పైకి లేవడం మానేసింది.

"చిన్న చిన్న పనులకు ఇబ్బంది లేదమ్మా. డ్రమ్స్ సంగతి మాత్రం మరిచిపోండి" అన్నాడు డాక్టరు.

"మరిచిపోవడానికి అదేమన్నా గొడుగా?" అని లేచి వచ్చేసింది.

మాట అంత తేలిగ్గా అంది కానీ, ఇంటికొచ్చి వెనకగది తలుపు తీయలేకపోయింది. కొన్నాళ్ళకు ఆర్కెస్ట్రా మేనేజరు పరామర్శకు వచ్చి, నీళ్ళు నములుతూ అసలు విషయం బయటపెట్టాడు. ఇకమీదట పాటల వెనక వాయిద్యమంతా ముందే రికార్డు చేసి తెచ్చుకుంటారట.

"పాడే అమ్మాయికి మధ్యలో దగ్గొస్తే మీ రికార్డు ఆగుతుందా?" అని అడిగింది దరువక్క.

మేనేజరు తెచ్చిన పళ్ళు బల్ల మీద పెట్టి లేచాడు. అడగడానికి నోరుంది గానీ, వాయించడానికి ఆమెకు చెయ్యి లేదు.

మర్నాడు తమ్ముడు ఒక సీక్వెన్సర్ పెట్టె చంకన పెట్టుకుని దిగాడు. పైన రబ్బరు ప్యాడ్లు, పక్కన కొన్ని తిప్పుడు మీటలు. దానికదే మోగదు. దాంట్లో మనం వాయించినదాన్ని గుర్తుపెట్టుకుని, తీగ ద్వారా కీబోర్డుకు చెప్పి పలికిస్తుంది.

"ఇది డ్రమ్స్ వాయిస్తుందక్కా."

"నా సవతిని తెచ్చి నా ఇంట్లోనే కూర్చోబెడతావుట్రా?"

"సవతి కాదే, చెయ్యి. ఒక్కసారి చూడు."

ఎడమ చేత్తో నాలుగు దెబ్బలు కొట్టింది. కీబోర్డులోంచి ఫ్లూటు నాలుగుసార్లు కుయ్యిమంది. ముందుగదిలో టైలరు మిషను ఆపి మరీ నవ్వాడు. కీబోర్డులో ఒక్కో వాయిద్యానికి ఒక్కో ఛానెల్. పెట్టె తన దెబ్బలను ఒక ఛానెల్లో పంపుతోంది, కీబోర్డులో ఆ ఛానెల్లో ఫ్లూటు కూర్చుని ఉంది. డ్రమ్స్ ఉన్న పదో ఛానెల్‌కు మార్చగానే సరిపోయింది. దరువక్క భర్తనడిగి గుడ్డపట్టీ ముక్కలు తెచ్చి, ఏ ఛానెల్లో ఎవరుంటారో రాసి పెట్టెకు అంటించింది. "ముందు ఎవరిల్లు ఎక్కడో తేల్చుకోవాలి. తలుపు కొట్టడం తర్వాత" అంది. సవతితో మాటలు కలిశాయి.

అసలు కీలకం ఆ వారంలోనే పట్టుకుంది. పెట్టెలో రెండు తాళావర్తాల ముక్క గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. దాన్నే ప్యాటర్న్ అంటారు. అది తిరుగుతుండగా మొదట కిక్, అంటే కాలితో మోగించే పెద్ద డ్రమ్ము దెబ్బ, ఒక్కటే కొట్టింది. మరో చుట్టులో దాని మీద స్నేర్, చిటపటలాడే చిన్న డ్రమ్ము. ఆ మీదట హై-హ్యాట్, జంట తాళాల చప్పుడు. ఒక్క ఎడమ చెయ్యి, ఒకదాని వెనక ఒకటిగా, రెండు చేతులూ రెండు కాళ్ళూ చేసే పనంతా చేసేసింది. ఆ సాయంత్రం వెనకగది తలుపు బార్లా తెరిచే ఉంచింది.

తప్పులు జరగలేదని కాదు. పొద్దుటినుంచి చెక్కిన పాటను దాచకుండానే స్విచ్చి ఆపేసి బూడిదలో పోసిన పన్నీరు చేసుకుంది. అప్పట్నుంచి స్టూలు మీంచి లేవాలంటే ముందు సేవ్ మీట నొక్కాల్సిందే. బాగున్న ప్యాటర్న్‌ను దిద్దబోయి చెడగొట్టింది. అప్పట్నుంచి నకలు తీసి, నకలునే దిద్దడం మొదలుపెట్టింది. "గుడ్డ సరిగ్గా ఒక్క కొలతకే ఉన్నప్పుడు నేనూ ముందు కాగితం మీదే కత్తిరిస్తాను" అన్నాడు టైలరు.

మొత్తం పాట సిద్ధం చేసి భర్తకు వినిపించింది. ఆయన తల గోక్కున్నాడు.

"తప్పు లేదు. కానీ నువ్వు వాయించినట్టు లేదు. ఎవరో కవాతు చేస్తున్నట్టుంది."

చివుక్కుమన్నా, మాట నిజమేనని ఆమెకు తెలుసు. క్వాంటైజ్ అనే మీటతో ప్రతి దెబ్బనూ లెక్కప్రకారం తాళం గీత మీదికి లాగి కట్టేసి ఉంది. ఆ కట్లు విప్పింది. కిక్‌ను మాత్రం గీత మీద నిలబెట్టి, హై-హ్యాట్‌ను తన చెయ్యి పడినచోటే వదిలేసింది. అన్ని దెబ్బలకూ ఒకటే బలం ఉండటం రెండో జబ్బు. స్నేర్ పెద్ద దెబ్బల మధ్య చెవికి తాకీ తాకని చిన్న దెబ్బలు చల్లింది. ఈసారి ముందుగదిలో కుట్టుమిషను పాటతో పాటే నడిచింది. ఆయన తొక్కుతున్నట్టు ఆయనకే తెలియలేదు.

మేనేజరును రిహార్సల్‌కు పిలిచి, "ఈసారి ప్రదర్శనకు నేనొస్తున్నాను" అంది. అడగలేదు, చెప్పింది.

ఆ రిహార్సల్లో ఇంకో ముడి పడింది. పల్లవికి, చరణానికి పొడుగాటి ప్యాటర్న్‌లు చేసుకుంది. మీట నొక్కినా, నడుస్తున్నది పూర్తయితే గానీ పెట్టె తర్వాతిదానికి వెళ్ళదు. గాయని చరణం ఎత్తుకుంది, పెట్టె ఇంకా పల్లవిలోనే ఊరేగుతోంది. తమ్ముడి మొహం వెలవెలబోయింది. దరువక్క మాత్రం, "తోక పొడుగైంది, అంతేగా" అని అన్నిటినీ రెండేసి ఆవర్తాల ముక్కలుగా కత్తిరించింది.

ప్రదర్శన రోజున హాలు నిండింది. స్టేజీ మీద స్టూలు, దాని ముందు డ్రమ్స్‌కు బదులు చిన్న బల్ల, బల్ల మీద పెట్టె. జనంలో కొందరు గుసగుసలాడారు. మొదటి పాట పడగానే ఊరుకున్నారు.

మూడో పాటలో గాయని కంగారుపడి, మధ్యలో కీబోర్డు ఒంటరిగా వాయించాల్సిన భాగాన్ని దాటేసి రెండో చరణానికి ఊపిరి పీల్చింది. దరువక్క కళ్ళు ఆమె భుజాల మీదే ఉన్నాయి. ఆ భుజాలు లేవగానే చరణం మీట నొక్కింది. ఆవర్తం ముగిసేసరికి గొంతూ దరువూ ఒకేచోట దిగాయి. అక్కడితో అయిపోలేదు. చరణం సగంలో గాయని మాటలు మరిచి నిలబడిపోయింది. దరువక్క ఆ ప్యాటర్న్‌నే తిప్పుతూ, హై-హ్యాట్ ఒక్కటే మిగిల్చి తక్కినవి మూసేసింది. తమ్ముడు అందుకుని కీబోర్డు మీద నాలుగు స్వరాలు అల్లాడు. గాయనికి మాట గుర్తొచ్చిన క్షణాన కిక్, స్నేర్ ఒక్కసారిగా తిరిగొచ్చాయి. అదంతా ముందే కుదుర్చుకున్నదనుకుని జనం చప్పట్లు కొట్టారు.

తెర పడ్డాక గాయని వచ్చి ఆమె ఎడమ చెయ్యి పట్టుకుంది. "అక్కా, ఇవాళ నా పరువు నిలబెట్టావు."

మేనేజరు పెట్టెను ఎగాదిగా చూశాడు. "బలే పెట్టె. అమ్మాయి ఆగడం దానికెలా తెలిసింది?"

"దానికేం తెలుసు? నాకు తెలిసింది" అంది దరువక్క, తీగలు చుట్టుకుంటూ.

రికార్డు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఇప్పుడు పక్క ఊళ్ళ బృందాలవాళ్ళు కూడా ఆమె వెనకగదికి వస్తున్నారు. నిన్న వచ్చినాయన పేరున్న డ్రమ్మరు, జుట్టు నెరిసిన మనిషి. నడుంనొప్పితో వాయించలేక ఓ పెట్టె కొనుక్కున్నాడు. కుర్చీలో కూర్చుంటూనే, "ఈ పాటకు టెంపో, అదే వేగం అంకె, ఎంత పెట్టమంటారు?" అని అడిగాడు.

"అంకె తర్వాత చూద్దాం. ముందు పాట పాడండి."

"నేనా? నా గొంతు బాగోదండీ."

"గొంతుతో పని లేదన్నయ్యగారూ. తొందర లేకుండా పాడితే ఏ వేగంలో హాయిగా ఉందో చూస్తాను."

ఆయన సిగ్గుపడుతూనే ఎత్తుకున్నాడు. దరువక్క ఎడమ చేత్తో వేగం మీటను కొద్దికొద్దిగా తిప్పుతూ వింటూ కూర్చుంది.